కుచ్చు లోపల మిగిలిన తెలుపు: రెండున్నరేళ్ల హీట్ ప్రెస్ అనుభవం

టీషర్టుల మీద బొమ్మలు వేయడానికి అందరూ కొనే, వేడి పలకతో బట్టను నొక్కే పదిహేను అంగుళాల హీట్ ప్రెస్సే నాదీ. నేను మాత్రం దాన్ని పాలిస్టర్ చున్నీలకు రంగు ఎక్కించడానికీ, కుచ్చులు నిలపడానికీ వాడుతున్నాను. ఒకే మెషిన్‌తో రెండు పనులూ అవుతాయని కొన్న కొత్తలో అడగనివారికి కూడా చెప్పాను. ఆ మాట అబద్ధం కాదు గానీ, ఆ రెండు పనులకూ ఒకదానితో ఒకటి పడదని అప్పటికి నాకు తెలియదు.

మొదట్లో 200 డిగ్రీల దగ్గర నిమిషంపాటు నొక్కి కాగితం మీది రంగును బట్టకెక్కించి, ఆ తరువాత కుచ్చులు పెట్టి, బటర్ పేపర్ల మధ్య ఉంచి అదే వేడిలో మళ్లీ నొక్కేదాన్ని. ముదురు నీలం పూలు వేసిన శాటిన్ చున్నీని అలాగే చేసి విప్పి చూస్తే, ప్రతి పువ్వుకూ ఎదుటి మడత మీద వెలిసిన నీడ ఒకటి పడి ఉంది. ఆ కాగితం మీది డిస్పర్స్ రంగు, అంటే పాలిస్టర్‌కు వాడే రకం, ఆ వేడికి ఆవిరై పాలిస్టర్‌లోకి దూరుతుంది. అదే వేడి మళ్లీ తగిలితే బయటికొచ్చి, ఆనుకున్న పొరను పట్టుకుంటుంది. ఆ చున్నీ ఖరీదు నేనే భరించాను.

జపాన్ డిజైనర్ ఇస్సే మియాకే 1993లో తెచ్చిన కుచ్చుల దుస్తులను ముందు కుట్టి, తరువాతే కుచ్చులు పెడతారని చదివాక, నేనూ వరుస తిరగేశాను. తెల్ల జార్జెట్‌కు ముందే కుచ్చులు పెట్టి, పైన రంగు కాగితం పరచి ఒక్కసారే నొక్కాను. పైకి కనిపించే మడతలకే రంగు ఎక్కి, లోపలిది తెల్లగా మిగిలింది; నడిచేటప్పుడు కుచ్చు విచ్చుకున్నప్పుడల్లా ఆ తెలుపు తొంగిచూసి మళ్లీ దాక్కుంటుంది. ఆ ముక్కను ఇరవైసార్లకు పైగా చన్నీళ్లలో ఉతికాను, మడత వీడలేదు. నూలు బట్టకు ఈ భాగ్యం లేదు.

అయితే పై పలక వెనుక కీలు మీద తెరుచుకునే రకం కావడంతో, మూడు పొరల మందాన్ని వెనుక గట్టిగా, ముందు వదులుగా నొక్కుతుంది. ముందున్న రెండు మూడు కుచ్చుల్లో రంగు పాలిపోతుంది. కింద స్పాంజి షీటు వేస్తే కొంత నయం. పైగా రెండున్నర మీటర్ల చున్నీని ఏడుసార్లు జరిపి నొక్కాలి, ప్రతి అతుకు దగ్గరా సన్నని గీత పడుతుంది.

నాకు నెలకు ఏడెనిమిది ముక్కలకు మించి రావు, అవీ తెలిసినవారివే కాబట్టి సర్దుకుపోతున్నాను. పెళ్లికి ఒకే రకం ముప్పై కావాలని వచ్చినవారిని మాత్రం పెద్ద పలకల మెషిన్ ఉన్నచోటికే పంపిస్తున్నాను.