బూర్-కొమొరోవ్‌స్కీ అడుగుజాడల్లో: వార్సాలో గైడు దండగ, లండన్‌కి రెండు రోజులు ఉంచుకోండి

1944లో నాజీ జర్మనీ ఆక్రమణ మీద పోలండ్ రహస్య సైన్యం చేసిన వార్సా తిరుగుబాటు స్థలాలు నడిపించి చూపించే నాలుగు గంటల ప్రైవేటు టూరుకి ఇద్దరికీ కలిపి 320 జ్లోటీలు (పోలండ్ డబ్బు) కట్టాం. శుద్ధ దండగ. ఆ తిరుగుబాటుని నడిపించిన జనరల్ తదేయుష్ బూర్-కొమొరోవ్‌స్కీ జీవితమంతా చెప్తామని ప్రకటనలో రాసుకుని, 1944 అక్టోబరు 2న లొంగుబాటు ఒప్పందం కుదిరిందనడంతోనే చేతులు దులిపేసుకున్నారు. ‘మరి ఆ తర్వాత?’ అని మా బాబాయి అడిగితే, అది ఈ టూరులో లేదన్నారు. జనరల్ 1966 దాకా బతికారు. దేశం కాని దేశంలో ప్రధానమంత్రిగా ఉన్నారు. ఆ 22 ఏళ్ళూ ఎగ్గొట్టినవాళ్ళకి డబ్బు కట్టినందుకు బాబాయి ఆ పూటంతా ముభావంగానే ఉన్నారు.

అంతకన్నా ఘోరం శ్మశానం సంగతి. పొవోంస్కి పేరుతో వార్సాలో రెండున్నాయి. గైడు తీసుకెళ్ళింది పాతదానికి, పొవోంస్కోవ్‌స్కా వీధి 14వ నంబరుకి. జనరల్ అస్థికలున్నది అదే వీధిలో ఇంకా ముందున్న సైనిక శ్మశానంలో, 43/45 నంబరు దగ్గర. లండన్ గన్నర్స్‌బరీ శ్మశానం నుంచి 2013లో ఇక్కడికి తెచ్చారు. టాక్సీ ఎక్కినా ట్రామ్ ఎక్కినా ‘సైనిక’ అన్న మాట మర్చిపోకుండా చెప్పండి. లోపల తిరుగుబాటు దళాల సమాధులు వరసగా, తెల్లటి బర్చ్ చెట్టు కర్ర శిలువలతో ఉంటాయి. పేర్ల కింద వయసులు చూసుకుంటూ నడవండి. పదిహేడు, పంతొమ్మిది, ఇరవై. ఆ పిల్లల్ని వీధుల్లోకి దింపిన ఆదేశం ఈయనదే. ఆ నిర్ణయం సరైనదా కాదా అని పోలండ్‌లో ఇప్పటికీ వాదులాడుకుంటారు. ఈ వరసలు చూడకుండా ఆ వాదన అర్థం కాదు.

గైడు లేకుండా తిరగడం కష్టమేమీ కాదు. 24 గంటల టికెట్ 15 జ్లోటీలు, మెట్రోకీ ట్రామ్‌కీ బస్సుకీ అదే. వోలా పేటలో డ్జెల్నా వీధి 72 దగ్గర మొదలుపెట్టండి. ఆగస్టు 1 సాయంత్రం 5 గంటలకి తిరుగుబాటు మొదలవ్వాలి. జనరల్ ప్రధాన స్థావరం ఇక్కడి కామ్లర్ ఫ్యాక్టరీలోనే. ఆ గంట రాకముందే ఇక్కడ కాల్పులు మొదలయ్యాయి. అక్కడి నుంచి పాతబస్తీకి వెళ్ళి క్రషింస్కి మైదానంలో స్మారకం చూడండి. దగ్గర్లోనే, ద్వూగా వీధి మూలమీద, పాతబస్తీ చేజారిపోతుంటే మనుషులు మురుగు కాలువలోకి దిగిన మ్యాన్‌హోల్ ఉంది. జనరల్ కూడా నగరం మధ్యకి కాలువలోంచే వెళ్ళారు. రాళ్ళు పరిచిన వీధులు కాబట్టి మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని తొందరపెట్టకండి.

గ్జిబోవ్‌స్కా 79లోని తిరుగుబాటు మ్యూజియానికి కనీసం మూడు గంటలు కావాలి. మెట్రోలో రోండో దషింస్కియెగో స్టేషన్లో దిగాలి. మంగళవారం సెలవు. సోమవారం ఉచితమే కానీ జనం ఎక్కువ, టికెట్ కొనుక్కుని వేరే రోజు వెళ్ళడమే మేలు. గోడలకి రోజుకొకటి చొప్పున క్యాలెండర్ కాగితాలు తగిలించి ఉంటాయి, చించి తీసుకోవచ్చు. ఆ 63 రోజులూ పోగుచేసుకుంటే గైడు చెప్పినదానికన్నా ఎక్కువే తెలుస్తుంది.

తిండి విషయంలో మాత్రం వార్సా మనసు దోచుకుంది. ‘బార్ మ్లెచ్నీ’ అనే చౌక భోజనశాలల్లో బంగాళదుంప, పెరుగు జున్ను కూరిన పియెరోగి రుస్కియె అడగండి. శాకాహారులైతే ‘బెజ్ స్క్వారెక్’ అని ముందే చెప్పాలి, లేకపోతే పైన పంది కొవ్వు వేపుడు ముక్కలు చల్లేస్తారు. జూరెక్ పులుసులో సాసేజ్ ఉంటుంది. బాబాయికి కోపం తగ్గింది ఇక్కడే.

లొంగిపోయాక జనరల్‌ని జర్మన్లు ఖైదు చేసిన, జర్మనీలోని కోల్డిట్జ్ కోటకి లైప్‌జిగ్ నుంచి గ్రిమ్మా దాకా రైలు, ఆపైన బస్సు. కోటలోనే యూత్ హాస్టల్ ఉంది. తీరిక ఉంటేనే వెళ్ళండి.

లండన్ అలా కాదు, తప్పకుండా వెళ్ళాలి. యుద్ధకాలంలో లండన్ నుంచి నడిచిన పోలండ్ ప్రవాస ప్రభుత్వానికి 1945 జులైలో బ్రిటన్ గుర్తింపు తీసేసింది. ఎవరూ లెక్కచేయని ఆ ప్రభుత్వానికి 1947 నుంచి 1949 దాకా ఈయన ప్రధాని. బతకడానికి కుర్చీలకీ సోఫాలకీ గుడ్డ బిగించే పని చేశారు. ఒకప్పుడు ప్రవాస అధ్యక్షుల కార్యాలయం ఉన్న 43 ఈటన్ ప్లేస్‌ని బయటినుంచే చూడాలి. ప్రిన్సెస్ గేట్ 20లో సికోర్‌స్కీ మ్యూజియం ఉచితం, కానీ తెరిచేది మధ్యాహ్నం కొద్ది గంటలే. ముందు దాని వేళలు కనుక్కుని మిగతావి చుట్టూ సర్దుకోండి. హామర్‌స్మిత్ కింగ్ స్ట్రీట్‌లో పోలిష్ కేంద్రం ఉంది, దిగాల్సింది రావెన్స్‌కోర్ట్ పార్క్ స్టేషన్లో. బస్సులో ఒకసారి ఛార్జీ కడితే, గంటలోపు ఎన్ని బస్సులు మారినా అంతే. గన్నర్స్‌బరీకి యాక్టన్ టౌన్ దగ్గర. అక్కడ 1976లో పెట్టిన కాటిన్ స్మారకం (1940లో సోవియట్లు చంపిన పోలిష్ అధికారుల గుర్తుగా) కోసం వెళ్ళండి. ఈలింగ్‌లో లియోపోల్డ్ రోడ్ 11లో రహస్య సైన్యం పత్రాల భాండాగారం ఉంది, దాన్ని స్థాపించినవాళ్ళలో ఈయనొకరు. ముందుగా రాసి అనుమతి తీసుకున్నాకే వెళ్ళండి.