కార్లా స్పీచ్ యాక్ట్స్ వెబ్‌సైట్: మన కాలేజీ ఇంగ్లిష్ క్లాసుకు ఎంతవరకు పనికొస్తుంది?

'ప్లీజ్ గివ్ మీ రికమెండేషన్ లెటర్ టుమారో' అని మెయిల్ పెడితే అమెరికా ప్రొఫెసర్‌కి అది ఆర్డరేసినట్టే ఉంటుంది. తెలుగులో 'కాస్త', 'అండి', 'ఇస్తారా' కలిసి చేసే పని ఇంగ్లిష్‌లో ఒక్క ప్లీజ్ వల్ల కాదు. ప్రశ్న రూపం, కుడ్, 'ఐ వాజ్ వండరింగ్' లాంటివి తోడు రావాలి. ఎదుటి మనిషిని, సందర్భాన్ని బట్టి మాట ఎలా వాడాలో చెప్పే ఈ ప్రాగ్మాటిక్స్ పాఠం చెప్పాలనుకునే లెక్చరర్లకు, అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో భాషలు నేర్చుకోవడంపై పరిశోధన చేసే కార్లా (CARLA) కేంద్రం వెబ్‌సైట్ ఉచితంగా దొరికే మంచి సరంజామా.

క్షమాపణ, ఫిర్యాదు, పొగడ్త, నిరాకరణ, అభ్యర్థన, కృతజ్ఞత: మాటతో చేసే ఈ ఆరు పనులనూ (వీటినే స్పీచ్ యాక్ట్స్ అంటారు) భాగాలుగా విడగొట్టి చూపిస్తుంది. దీని బలమంతా అదే. క్షమాపణనే తీసుకోండి. సారీ అనడం, కారణం చెప్పడం, తప్పు తనదేనని ఒప్పుకోవడం, సరిదిద్దుతాననడం, మళ్లీ జరగదనడం, మొత్తం ఐదు. మన పిల్లల మెయిళ్లు చాలావరకు సారీ, జ్వరం దగ్గరే ఆగిపోతాయి. 'రికార్డు గురువారంలోగా ఇస్తాను' అన్న ముక్క కనబడదు.

అయితే ఇది తయారు పాఠం కాదు. విద్యార్థి సొంతంగా చేసుకునే యూనిట్లు జపనీస్, స్పానిష్‌లకే ఉన్నాయి. ఇంగ్లిష్‌కి లెక్చరరే కూర్చుకోవాలి. 50 నిమిషాల పీరియడ్‌కి ఒక్క అభ్యర్థన చాలు. మూడు సందర్భాలివ్వండి: స్నేహితుణ్ణి పెన్ను, సీనియర్‌ని నోట్సు, హెచ్ఓడీని రికమెండేషన్ లెటర్ అడగడం. ముందు వాళ్లకు తోచింది రాయనివ్వాలి. తర్వాత పిలుపు, అసలు అడిగే మాట, దానికి ముందూ వెనకా చెప్పే కారణాలు వేర్వేరు రంగుల్లో గుర్తు పెట్టించాలి. ఆపైన ఒక్కటే మార్చండి: లెటర్ రేపటికే కావాలి. వాక్యం మారకపోతే పాఠం ఎక్కనట్టే.

తరచూ బెడిసికొట్టేది ఇక్కడే. 'ఐ వాజ్ వండరింగ్' బట్టీపట్టి పక్క బెంచీవాణ్ణి పెన్ను అడగడానికీ వాడేస్తారు. అది వినేవాడికి వెటకారంలా తగులుతుంది. ఎదుటివాడి హోదా, చనువు, అడిగేదాని బరువు, ఈ మూడూ చూడకుండా పదబంధం ఇవ్వకూడదు.

రాతతోనే సరిపెట్టినా చిక్కే. కాగితం మీద తీరిగ్గా రాసినవాడు ఎదురుగా 'సారీ, ఐ కాంట్' అనగానే నోరు పెగలక నిలబడతాడు. అందుకే రోల్‌ప్లేలో మొదటిసారి కాదనే తీరాలని రెండోవాడికి ముందే చెప్పి పెట్టండి.

సైట్‌లోని ఇంగ్లిష్ ఉదాహరణల్లో అమెరికా వాసన ఎక్కువ. 'డూ ది నీడ్‌ఫుల్' (అవసరమైనది చేయండి) మన ఆఫీసుల్లో చెల్లుతుంది, దానికి ఎర్రసిరా అక్కర్లేదు. విదేశీ ప్రొఫెసర్‌కి రాసేటప్పుడు మాత్రం ఏం కావాలో, ఎప్పటికి కావాలో విడమరిచి రాయించండి.