490 రూబుళ్ల భోజనం
సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మూడు రోజులు పిజ్జా ముక్కలతోనూ, గదిలో కప్పు నూడుల్స్‌తోనూ నెట్టుకొచ్చాను. అక్కడ వైద్యం చదువుతున్న మా మేనల్లుడికి ఆ సంగతి తెలిసి కేకలు వేశాడు. "ఇంత దూరం వచ్చి ఇదా మామయ్యా మీరు తినేది? రేపు సరిగ్గా పన్నెండింటికి తయారుగా ఉండండి."

పన్నెండింటికే ఎందుకంటే, రష్యా నగరాల్లో చాలా రెస్టారెంట్లు సోమవారం నుంచి శుక్రవారం దాకా మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల వరకు 'బిజ్నెస్ లంచ్' పెడతాయి. ఆఫీసువాళ్ల కోసం పుట్టిన ఏర్పాటు. సలాడు, సూపు, వేడి వంటకం, తాగడానికి ఏదో ఒకటి, అన్నీ కలిపి ఒకటే ధర. మన 'మీల్స్' బోర్డు లాంటిదే కానీ మారు వడ్డన ఉండదు.

నగరపు ప్రధాన వీధి నెవ్‌స్కీ ప్రాస్పెక్ట్ పక్క వీధిలో, ఆరు మెట్లు దిగితే వచ్చే చిన్న హోటలది. కోటు కుర్చీకి తగిలించబోతే మావాడు ఆపాడు. గుమ్మం దగ్గరే ఇచ్చి టోకెన్ తీసుకోవాలట.

మెనూ అంతా రష్యన్‌లోనే. వెళ్లేవాళ్లు నాలుగు మాటలు రాసుకుని వెళ్లండి: కూరిత్సా కోడి, రీబా చేప, స్వినీనా పంది, గవ్యాదినా గొడ్డు మాంసం. ఈ చివరిదానికీ మన 'గవ్యం'కీ మూలం ఒకటేనంటారు భాషా పండితులు. శాకాహారులకు మాత్రం కష్టమే. కూరగాయల సూపులా కనిపించినా సాధారణంగా మాంసం ఉడికించిన నీళ్లతోనే కాస్తారు. మావాడు అడిగితే వడ్డించే అమ్మాయి వంటగదిలోకి వెళ్లి కనుక్కుని వచ్చింది. ఆ రోజు బోర్ష్, అంటే బీట్‌రూట్ సూపు, కోడి ఉడికించిన నీళ్లతో కాచిందే.

ఎర్రటి గిన్నె మధ్యలో ఒక చెంచా స్మెతానా, అంటే చిక్కటి పుల్ల మీగడ. కలిపితే ఎరుపు కాస్తా గులాబీ రంగుకు తిరిగింది. బీట్‌రూట్ తీపి, వెనకే పులుపు, పైన ఉక్రోప్ ఆకు, మన సోయకూరే. పక్కన బొరొదీన్‌స్కీ అనే నల్ల రొట్టె. దాని పైన అద్దిన ధనియాల వాసనకు ఒక్క క్షణం మా ఇంటి చారు పొడి డబ్బా మూత తీసినట్టయింది.

కట్లెట్ మాత్రం నిరాశే. గోరువెచ్చగా, చప్పగా ఉంది. దానితో ఇచ్చిన గ్రేచ్కా గోధుమ రంగు గింజల అన్నం లాంటిది. ఉప్పు తప్ప ఏమీ లేదు, గొంతు దిగదు. చివరికి మిగిలిన బోర్ష్ అందులో ఒంపి పులుసన్నంలా కలిపేశాను. మావాడు చుట్టూ చూసి, తనూ కలుపుకున్నాడు.

తలకు 490 రూబుళ్లు. రూబులు ఇంచుమించు మన రూపాయే కనుక ఆ వీధికి చవకే. అరగంటలో అన్నీ వచ్చేశాయి. సలాడు సగంలో ఉండగానే సూపు పెట్టేయడం ఒక్కటే నచ్చలేదు. నగదు మరవద్దు: 2022 మార్చి నుంచి బయటి దేశాల వీసా, మాస్టర్‌కార్డులు అక్కడ చెల్లడం లేదు.

బోర్ష్ మీద మనసై శనివారం మళ్లీ వెళ్లాం. ఆ ఒక్క గిన్నే 420 రూబుళ్లు.

"శుక్రవారం దాకానే అని చెప్పాను కదా మామయ్యా."

ఒకటే గిన్నె, రెండు చెంచాలు తెమ్మన్నాం.