సెకండ్ హ్యాండ్‌లో రెండు సీట్ల కన్వర్టిబుల్: ఏళ్ళ తరబడి నడిపాక నా మాట

పైకప్పు తీసేసి నడుపుకునే రెండు సీట్ల కారు సెకండ్ హ్యాండ్‌లో తీసుకోవాలనుకునేవాళ్ళు ముందుగా అడిగేది ఇంజన్ పవర్ ఎంత, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అని. నేనైతే వాన నీళ్ళు ఆ కారులోంచి ఎటు పోతున్నాయో ముందు చూస్తాను. నా దగ్గరున్నది మాజ్డా ఎంఎక్స్-5, రెండో తరం మోడల్. కొన్నప్పటికే పాత బండి. ఏళ్ళు గడిచినా వారం వారం బయటికి తీస్తూనే ఉన్నాను. ఇంజన్ నన్ను ఎక్కడా నడిరోడ్డు మీద నిలబెట్టలేదు. దీని మీద నేను పెట్టిన డబ్బులోనూ శ్రమలోనూ పెద్ద భాగం పైకప్పుకి, రబ్బర్లకి, తుప్పు రాకుండా చూసుకోవడానికి పోయింది. అందుకే ఈ రకం కారు కొనేవాళ్ళకి గట్టిగా చెబుతాను: ముందు బాడీ చూడండి, ఇంజన్ సంగతి తర్వాత.

ఏ కారు తీసుకోవాలన్నది మొదటి ప్రశ్న. ఎంఎక్స్-5 1989లో చికాగో ఆటో షోలో జనం ముందుకు వచ్చింది. 1960ల నాటి బ్రిటిష్ రోడ్‌స్టర్ల (పైకప్పు తీసి నడిపే రెండు సీట్ల కార్ల) పద్ధతే దీనిదీ, ముఖ్యంగా లోటస్ ఎలాన్‌ది. తేలికైన బాడీ, ముందు ఇంజన్, వెనక చక్రాల డ్రైవ్, రెండే సీట్లు. 2016లో పది లక్షలవ కారు తయారైంది. కొనేవాళ్ళకి ఈ లెక్కతో పని ఉంది. అన్ని కార్లు రోడ్ల మీదికి వచ్చాయి కాబట్టే విడిభాగాలు సులువుగా దొరుకుతాయి, ఎక్కడ ఏం పాడవుతుందో అందరికీ తెలిసిపోయింది. పాత కారుతో కాపురం చేయాలంటే ఇంతకన్నా కలిసొచ్చేది ఉండదు.

మొదటి తరం కారుకి పైకి లేచే హెడ్‌లైట్లు. వాటి అందం వల్ల ఆ కార్ల మీద మోజు పెరిగింది, మంచి కండిషన్‌లో ఉన్నవి ఇప్పుడు చౌకగా రావడం కష్టం. వెనక అద్దం ప్లాస్టిక్‌ది. పైకప్పు మడిచే ముందు జిప్ తీసి దాన్ని వెనక్కి పరచాలి, లేకపోతే మడత దగ్గర గీతలు పడి పగిలిపోతుంది. 1998లో వచ్చిన రెండో తరంలో నిజమైన గాజు అద్దం పెట్టారు, ఆవిరి పోగొట్టే హీటర్ గీతలతో సహా. 2005లో వచ్చిన మూడో తరం కాస్త పెద్దది. ఇంజన్ లోపలి భాగాల్ని ఒకే లయలో తిప్పడానికి దానికి టైమింగ్ బెల్ట్ ఉండదు, చెయిన్ ఉంటుంది. పొడుగువాళ్ళు కాస్త సుఖంగా కూర్చోవచ్చు. నా మనసు రెండో తరం మీదే ఉన్నా, మొదటిసారి కొనేవాళ్ళు తక్కువ టెన్షన్‌తో గడవాలంటే మూడో తరమే చూడమంటాను. 2015లో వచ్చిన నాలుగోది మళ్ళీ తేలికైన బండి, చాలా బాగుంటుంది, కానీ పాత తరాల ధరకి దొరకదు.

మిగతా కార్లని తీసిపారేయలేం. 1996లో వచ్చిన మొదటి తరం పోర్షే బాక్‌స్టర్ నడపడానికి అద్భుతంగా ఉంటుంది. ఆరు సిలిండర్ల ఇంజన్ సీట్ల వెనకే ఉంటుంది, ముందొకటి వెనకొకటి రెండు డిక్కీలు. ఇంత మంచి కారు ఇంత తక్కువకా అనిపించేంతగా ఒక దశలో దాని ధర దిగింది. ధర దిగినా విడిభాగాల ఖర్చు మాత్రం పోర్షే ఖర్చే. పైగా ఇంజన్ లోపల ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్ అని ఒకటుంటుంది, అందరూ ఐఎంఎస్ బేరింగ్ అంటారు. అన్ని కార్లలోనూ పోదు గానీ, పోయిందంటే ఇంజన్‌నే తీసుకుపోతుంది. క్లచ్ మార్చేటప్పుడే దాన్నీ మార్పించినట్టు రసీదు చూపించేవాళ్ళ దగ్గరైతే ఆలోచించండి, లేకపోతే ఆ పని ఖర్చు కూడా కలుపుకుని బేరం చేయండి.

బీఎండబ్ల్యూ జెడ్3లో ఆరు సిలిండర్ల ఇంజన్ మెత్తగా, హాయిగా లాగుతుంది. దాని డిక్కీలో కార్పెట్ ఎత్తి, వెనక డిఫరెన్షియల్‌ని (ఇంజన్ శక్తిని వెనక చక్రాలకి పంచే గేర్ల పెట్టెని) పట్టి ఉంచే చోట వెల్డింగులు విడిపోయాయేమో తప్పక చూడాలి. టయోటా ఎంఆర్2 మూడో తరంలో ఇంజన్ మధ్యలో ఉంటుంది, బరువు ఒక టన్ను దరిదాపుల్లోనే. మలుపుల్లో ఆ కారు తిరిగే తీరు నాకు చాలా ఇష్టం. కానీ డిక్కీ అనేదే లేదు, సీట్ల వెనక చిన్న అరలే గతి. 2003కి ముందు తయారైనవి ఆయిల్ తాగుతాయని పేరుంది కాబట్టి ఆయిల్ మట్టం చూపే డిప్‌స్టిక్ మీరే తీసి చూడండి. హోండా ఎస్2000 ఇంజన్ 9,000 ఆర్‌పీఎం (నిమిషానికి అన్ని చుట్లు) దాకా తిరుగుతుంది, ఆ హోరు వినాల్సిందే. అయితే అది చౌక కార్ల జాబితాలోంచి ఎప్పుడో దాటిపోయింది.

ఇవన్నీ చూసి కూడా ఎంఎక్స్-5 దగ్గరే ఆగడానికి నా కారణం బరువు. రెండో తరం కారు బరువు వెయ్యి కిలోలకి కొంచెం పైన. బరువు తక్కువైతే బ్రేకులు తక్కువ అరుగుతాయి, టైర్లు ఎక్కువ కాలం వస్తాయి. చిన్న ఇంజన్ చాలు, పెట్రోల్ కూడా మరీ తాగదు. కొన్న నాటి ధర ఒక్కసారే ఇస్తాం, బరువు తాలూకు ఖర్చు కారు ఉన్నంతకాలం కడుతూనే ఉంటాం. 1.6 లీటర్ల ఇంజన్‌కి సుమారు 110 హార్స్‌పవర్, 1.8కి సుమారు 140. కాగితం మీద ఇవి చిన్న అంకెలే. ఇప్పటి మామూలు కుటుంబం కారు కూడా సిగ్నల్ దగ్గర దీన్ని దాటిపోగలదు. ఆ చిన్న బలాన్ని పూర్తిగా వాడుకుంటూ నడపగలగడంలోనే దీని ఆనందం ఉంది. రెండో గేర్‌లో ఇంజన్‌ని పైదాకా తిప్పి, పొట్టి గేర్ రాడ్‌ని చిటుక్కున మూడోదానికి వేసినా స్పీడు ఇంకా ఊరి బయటి రోడ్డుకి తగినట్టే ఉంటుంది. గేర్‌బాక్స్‌నీ వెనక డిఫరెన్షియల్‌నీ ఒక పొడవాటి అల్యూమినియం ఫ్రేముతో కలిపి బిగించారు. కాలు యాక్సిలరేటర్ మీద పెట్టగానే మధ్యలో సాగదీత లేకుండా వెనక చక్రాలు స్పందించడానికి అదొక కారణం.

ఇక బండి చూడ్డానికి వెళ్ళినప్పుడు. వీలైతే వాన పడ్డ మర్నాడు వెళ్ళండి. కుదరకపోతే ఒక నీళ్ళ బాటిల్ పట్టుకెళ్ళండి. మూసి ఉన్న పైకప్పు మీద పడిన నీళ్ళు దాని అంచున ఉన్న రబ్బరు కాలువలోకి జారతాయి. అక్కణ్ణుంచి సీటు బెల్టుల వెనక నిలువుగా దిగే గొట్టంలోకి పోయి, వెనక చక్రానికి కాస్త ముందు, కారు అడుగున బయటికి రావాలి. ఆకులూ మట్టీ చేరి ఆ గొట్టం మూసుకుపోతే నీళ్ళకి రెండే దారులు: సీటు వెనక కార్పెట్ కిందికి, లేదా తలుపు కింద పొడుగునా ఉండే డొల్ల రేకు పెట్టె, అంటే సిల్ లోపలికి. సిల్‌లో చేరిన నీళ్ళు లోపల్నుంచి తినేస్తాయి. బయట పెయింట్ నిగనిగలాడుతూనే ఉంటుంది, పొంగు కనబడే నాటికి లోపలి రేకు సగం పోయి ఉంటుంది.

అందుకే ఆ కాలువలో కొంచెం కొంచెంగా నీళ్ళు పోసి, వంగి కింద చూడండి. కాసేపట్లో వెనక చక్రం ముందు ధారగా పడితే దారి బాగుంది. బొట్లు బొట్లుగా వచ్చినా, అసలు రాకపోయినా, సీట్లు ముందుకి జరిపి వెనక కార్పెట్ మీద అరచేయి గట్టిగా అదమండి. పైన పొడిగా ఉండి కింద ఫోమ్ తడిగా ఉండొచ్చు. తలుపు తీయగానే ముక్కవాసన వస్తే అనుమానించండి. ఘాటైన పర్‌ఫ్యూమ్ వాసన వచ్చినా అనుమానించండి. తర్వాత సిల్ వెనక కొసని, అంటే వెనక చక్రం ముందు మూలని, కింది నుంచి వేళ్ళతో తడమండి. అయస్కాంతం ఒకటి గుడ్డలో చుట్టి అక్కడ ఆనించండి. పట్టుకోకపోతే పెయింట్ కింద పుట్టీ ఉందన్నమాట. రెండో తరంలో ముందు వైపు ఛాసిస్ రైళ్ళు (బాడీ అడుగున పొడుగునా ఉండే ఉక్కు కమ్మీలు) కూడా తుప్పు పట్టే చోటే, రెండు పొరల రేకు మధ్య తడి నిలుస్తుంది. ఇది పైనుంచి కనబడదు. లిఫ్ట్ మీద ఎక్కించి చూసుకోవడానికి అమ్మేవాళ్ళు ఒప్పుకోకపోతే ఆ బండి వదిలేయండి. బేరం ఎంత మంచిదైనా సరే.

పైకప్పుని మీ చేతులతో మీరే తెరిచి మూయండి. అమ్మేవాళ్ళు వేసి చూపిస్తే లెక్కలోకి రాదు, వాళ్ళకి దాని మర్మాలన్నీ తెలిసి ఉంటాయి. రెండు గొళ్ళేలు తీసి వెనక్కి నెట్టేస్తే చాలు, అలవాటైతే సీట్లో కూర్చునే చేయొచ్చు. తలుపు అద్దాల వెనక మడత పడే చోట గుడ్డ చిరుగుతోందా, గాజు అద్దం చుట్టూ అంటు ఊడుతోందా, ముందు అద్దం పై అంచు రబ్బరు గట్టిపడిందా చూడండి. పైకప్పు మార్పించడం పెద్ద ఖర్చే. కానీ అది లెక్క తేలే ఖర్చు, ధర తగ్గించుకుని కొనుక్కోవచ్చు. తుప్పు అలా కాదు, విప్పి చూసేదాకా దాని లెక్క తెలియదు. చిరిగిన పైకప్పు, గట్టి బాడీ ఉన్న కారుకీ, కొత్త పైకప్పు, మెత్తబడిన సిల్ ఉన్న కారుకీ మధ్య ఎంచుకోవాల్సి వస్తే నేను ఆలోచించకుండా మొదటిదే తీసుకుంటాను.

టైర్లని అరుగుదల చూసి నమ్మొద్దు. ఇలాంటి కార్లు ఏడాదికి కాస్తే తిరుగుతాయి, అందుకే టైరు గాడులు లోతుగా ఉన్నా రబ్బరు ముసలిదై ఉంటుంది. టైరు పక్క గోడ మీద నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. వెనక చక్రాల డ్రైవ్, తక్కువ బరువు, పైగా గట్టిపడిన టైర్లు: ఈ మూడూ కలిస్తే తడి రోడ్డు మీద కారు తోక ఝాడిస్తుంది.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. ముందే వేడి చేసి పెట్టి ఉంటే ఇంకోసారి వస్తామని చెప్పండి. పొద్దున్న చల్లటి గేర్‌బాక్స్‌లో రెండో గేర్ కాస్త మొరాయించడం మామూలే, వేడెక్కాక కూడా గరగరమంటే మామూలు కాదు. మొదటి రెండు తరాలకి టైమింగ్ బెల్ట్ దాదాపు లక్ష కిలోమీటర్లకి మార్చాలి. తక్కువ తిరిగిన కారైతే కిలోమీటర్లని నమ్ముకోకుండా బెల్ట్ వయసు అడగండి. ఆ రెండు తరాల్లో బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, దానికి ఆవిరి బయటికి పోయే గొట్టాలు తగిలించే రకమే వేయాలి. మామూలు బ్యాటరీ ఇరికించి ఉంటే దాని కింది రేకుని యాసిడ్ తిన్నదేమో చూడండి. స్ప్రింగులు కోసి కిందికి దించిన బండి, సైలెన్సర్ మార్చి గోల చేసే బండి నేను కొనను. ఒరిజినల్‌గా ఉన్నది కొంచెం ఎక్కువైనా తీసుకుంటాను.

దీనితో బతకడం ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. పైకప్పు మూసి 100 కి.మీ. దాటితే గాలి హోరు, 3,000 ఆర్‌పీఎం పైన తిరిగే ఇంజన్ మోత కలిసి మాటలు వినబడవు. దూర ప్రయాణంలో అలసట అక్కణ్ణుంచే వస్తుంది. మొదటి రెండు తరాల్లో స్టీరింగ్ ఎత్తు మార్చే వీలు లేదు, పొడుగాటివాళ్ళకి మోకాళ్ళు దాన్ని తగులుతాయి. కొనే ముందు కనీసం అరగంట నడపాలి, రెండు నిమిషాలు సీట్లో కూర్చుంటే తెలిసే విషయం కాదిది. డిక్కీలో పెద్ద పెట్టె పట్టదు, మెత్తటి సంచులు నాలుగు సర్దుకోవచ్చు. ఎండ నేరుగా నెత్తి మీద ఉన్నప్పుడు పైకప్పు తీయడంలో సుఖం లేదు. పొద్దున్నే, లేదా ఎండ తగ్గాక, అద్దాలు పైకి లేపి, 60, 70 స్పీడులో వెళ్తుంటే చెట్ల కింద గాలి చల్లబడటం కూడా చర్మానికి తెలుస్తుంది. ఆ కాస్త కోసం మిగతావన్నీ నేను సంతోషంగా భరిస్తున్నాను. ఇంట్లో ఇదొక్కటే కారు అయ్యేట్టయితే, ముఖ్యంగా చిన్నపిల్లలుంటే, మాత్రం కొనొద్దు. మూడో మనిషికి చోటు లేదన్న విషయం రోజూ ఎదురవుతుంది.

బేరం కుదిరి కారు ఇంటికి వచ్చాక మొదటి నెల దాన్ని అందంగా చేయడానికి డబ్బు పెట్టకండి. నీళ్ళు దిగే గొట్టాలు రెండూ మెత్తటి నైలాన్ తీగతో మెల్లగా శుభ్రం చేయండి. గట్టి ఇనుప తీగ వాడితే గొట్టం కిందికి ఊడిపోతుంది. ఇంజన్ ఆయిల్, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ ఆయిళ్ళు, కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్ అన్నీ ఒకేసారి మార్పించండి. బెల్ట్ మార్చినట్టు కాగితం లేకపోతే మార్చలేదనే అనుకుని, వాటర్ పంపుతో కలిపి చేయించండి, రెండింటికీ విప్పే పని ఒకటే. టైర్లు ముసలివైతే నాలుగూ ఒకేసారి మార్చాలి. ఈ ఖర్చుకి డబ్బు పక్కన పెట్టుకున్నాకే, మిగిలిందెంతో దాంట్లో వచ్చే కారు వెతకండి.