కౌజు పిట్టల దాణాలోకి మిథియోనిన్ పొడి: ఎవరు కొనాలి, ఎంత కలపాలి

తిరుపతి, చిత్తూరు దాణా కొట్లలో కిలో కవర్లలో అమ్మే 99 శాతం డీఎల్-మిథియోనిన్ (ప్రొటీన్‌లో ఉండే ఒక అమైనో ఆమ్లం) గుడ్ల కౌజులకు పనికొచ్చే సరుకే. అయితే గుడ్ల కోళ్లకు అమ్మే రెడీమేడ్ దాణా, అంటే లేయర్ మాష్‌లో ఇది కలిపి కౌజులకు పోస్తే లాభం లేదు. ఆ మాష్ రోజుకు 110 గ్రాములు తినే కోడికి తయారైంది, ప్రొటీన్ 16–18 శాతమే. కౌజు తినేది 25–30 గ్రాములు, పెట్టే గుడ్డేమో 10–12 గ్రాములు. దాని దాణాలో ప్రొటీన్ 20, లైసిన్ (ఇదీ అమైనో ఆమ్లమే) 1, మిథియోనిన్ 0.45 శాతం ఉండాలి. సొంతంగా దాణా ఆడించుకునేవాళ్లే ఈ పొడి కొనండి.

వంద కిలోల దాణాలో మొక్కజొన్న 50, సోయా చెక్క 35 కిలోలు పడితే మిథియోనిన్ 0.30 శాతం దాకా వస్తుంది. లోటుకు 150 గ్రాముల పొడి చాలు. సోయా ఇంత ఉంటే లైసిన్ ప్యాకెట్ దండగ, కొట్టువాళ్లు ఎంత చెప్పినా సరే. మన వైపు దొరుకుతుంది కదా అని 15 కిలోల సోయా తీసి చెనిక్కాయ చెక్క వేశారో, లైసిన్ 0.9కి దిగుతుంది. అప్పుడు లైసిన్ హైడ్రోక్లోరైడ్ (ప్యాకెట్లలో అమ్మే లైసిన్ పొడి) 130 గ్రాములు, మిథియోనిన్ ఇంకో 20 గ్రాములు వేయాలి. బూజు చెక్కలోని అఫ్లాటాక్సిన్ అనే విషానికి మాత్రం ఈ పొడులేవీ విరుగుడు కావు.

విప్పి కట్టిన కవర్లలో కల్తీ భయం ఉంది. అసలు పొడికి గంధకం కలిసిన ఘాటు వాసన వస్తుంది. అర చెంచా పొడి గ్లాసుడు గోరువెచ్చని నీళ్లలో బాగా కలిపితే పూర్తిగా కరగాలి. అడుగున మిగిలినదానిపై నిమ్మరసం పిండితే నురగ వస్తే సున్నపురాయి పొడి. అయోడిన్ చుక్కకు నల్లబడితే పిండి. ఉప్పు కలిపితే ఈ పరీక్షకు దొరకదు.

పొడిని నేరుగా గుట్ట మీద చల్లొద్దు. ముందు 2 కిలోల మొక్కజొన్న నూకలో, తర్వాత 10 కిలోల దాణాలో, ఆపైన మొత్తంలో కలపాలి. సరిగా కలవకపోతే కొన్ని పిట్టల గుడ్లు చిన్నవవుతాయి, ఈకలు పీక్కోవడం మొదలవుతుంది. ఎక్కువైనా ముప్పే, మేత తగ్గిస్తాయి.

ఎండాకాలంలో కౌజు 22 గ్రాములే తింటే, అదే మిథియోనిన్ అందాలంటే దాణాలో 0.57 శాతం ఉండాలి. అంటే వంద కిలోలకు 270 గ్రాములు. నీళ్లలో పోసే అమైనో టానిక్కులు ఈ లోటు తీర్చవు, డబ్బు వృథా.

ఐదొందల కౌజులకు వారానికి వంద కిలోల దాణా అవుతుంది, కిలో కవరు నెలన్నర వస్తుంది. సీలున్న 25 కిలోల సంచి నలుగురు కలిసి కొనుక్కుంటే మేలు.