కాపర్-టి వేయించుకోవడం: సూదిమందు ఉంటే ఒకలా, లేకపోతే ఇంకోలా

గర్భం రాకుండా గర్భసంచిలో పెట్టే కాపర్-టి 380ఎ పదేళ్ల గడువు తీరాక తీయించి, అదే పూట కొత్తది వేయించుకున్న మనిషి రాస్తున్న సమీక్ష ఇది. మొదటిసారి మందూ మాకూ ఏమీ లేవు. రెండోసారి గర్భసంచి మూతి చుట్టూ మొద్దుబార్చే మందు లిగ్నోకైన్ సూది వేసి, ఆగి, అప్పుడు పెట్టారు. వస్తువు అదే, కొలతలు అవే. తేడా అంతా ఆ ఇరవై మిల్లీలీటర్ల మందులో ఉంది. ఇంత మామూలు మందు, ప్రతి చిన్నాసుపత్రి అల్మరాలోనూ ఉండేది, అడిగితే తప్ప ఎందుకివ్వరన్నదే నా కోపం. కాపర్-టి ఎలా పనిచేస్తుంది, ఎక్కడ ఉచితం, ఎన్నేళ్లుంటుంది అన్నవి అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నాను.

"చీమ కుట్టినట్టు ఉంటుందమ్మా, అయిపోతుంది" అనేవాళ్లు నొప్పినంతా ఒకే ముద్దగా చెప్పేస్తారు. అది ఒక్క చోట పుట్టే నొప్పి కాదు. మూతి కనిపించడానికి యోనిని తెరిచి పట్టే స్పెక్యులం పెట్టినప్పుడు ఉండేది ఒత్తిడే. అసలు సంగతి ఆ తర్వాత మొదలవుతుంది. గర్భసంచి మూతి పై పెదవిని వల్సెల్లం అనే పళ్ల పట్టకారుతోనో, ఒంటిపంటి టెనాక్యులంతోనో పట్టి కాస్త ముందుకు లాగుతారు. మూతికీ సంచికీ మధ్య ఉన్న వంపు సరి కావాలంటే అలా లాగక తప్పదు. లాగకుండా దూర్చితే గోడకు చిల్లు పడే ప్రమాదం పెరుగుతుంది. ఇక్కడిది చురుక్కుమనే నొప్పి. తర్వాత సౌండ్ అనే సన్నటి కొలత కడ్డీ లోపలి మూతి దాటి, సంచి పైకప్పును తాకేదాకా వెళ్తుంది. లోతు మామూలుగా 6 నుంచి 9 సెంటీమీటర్లు. ఇది లోతైన నొప్పి. నెలసరి నొప్పిని నాలుగింతలు చేసి నడుములోకి, తొడల్లోకి దింపినట్టుంటుంది. చివరికి 'టి' ఉన్న గొట్టం లోపలికి వెళ్లి, అందులోని పుల్లను (ప్లంజర్) కదలకుండా పట్టుకుని గొట్టాన్ని వెనక్కి లాగితే 'టి' చేతులు విచ్చుకుంటాయి. అప్పుడు ఇంకోసారి పట్టేస్తుంది. 'టి'కి వేలాడే దారాలు 3, 4 సెంటీమీటర్లు వదిలి కత్తిరించడంలో నొప్పి ఉండదు.

మూతికీ, సంచి కింది భాగానికీ వచ్చే నరాలు వేరు, పైకప్పుకు వచ్చే నరాలు వేరు. కిందివి త్రికాస్థి దగ్గర నుంచి, పైవి వీపు కింది భాగం నుంచి వస్తాయి. లిగ్నోకైన్ బ్లాక్, అంటే మూతి చుట్టూ వేసే ఆ సూది, మొదటి గుంపును బాగా మొద్దుబారుస్తుంది, రెండో గుంపును అంతగా కాదు. సూది వేయించుకుని "అయినా నొప్పొచ్చింది, మందు పనిచేయలేదు" అని తిరిగొచ్చేవాళ్లలో చాలామందికి వచ్చింది ఈ పైకప్పు నొప్పే.

"ఇద్దరు పిల్లల తల్లివి, నీకేం నొప్పి?" అనే మాట మీద కాస్త ఆగాలి. మామూలు కాన్పు అయినవాళ్ల మూతి ఒకసారి పూర్తిగా తెరుచుకున్నదే కాబట్టి కడ్డీ సులువుగా పోతుంది, చాలామందికి సూదే అక్కర్లేదు. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో తెలంగాణలో నూటికి అరవై కాన్పులు సిజేరియన్లు. అందులో ముహూర్తం చూసుకుని, నొప్పులు మొదలవకముందే చేయించుకున్నవి ఎన్నో. అలాంటి తల్లి మూతి ఎప్పుడూ తెరుచుకోలేదు. కేస్ షీట్‌లో ఇద్దరు పిల్లలని ఉంటుంది, లోపలి మూతి మాత్రం పిల్లలు లేనివాళ్లదానిలాగే బిగువుగా ఉంటుంది. బ్లాక్ వల్ల మేలు బాగా కనిపించింది పిల్లలు పుట్టనివాళ్ల మీద జరిగిన అధ్యయనాల్లోనే. ఆ లెక్కన మన దగ్గర దాని అవసరం ఎంతమందికి ఉంటుందో ఊహించుకోవచ్చు. వేయించుకునే ముందు కాన్పు ఎలా అయిందో, నొప్పులు వచ్చాక ఆపరేషన్ చేశారో ముందే చేశారో కూడా చెప్పండి. అడగకపోయినా చెప్పండి.

ఇక ఆ సూది సంగతి. 2 శాతం లిగ్నోకైన్ 10 మిల్లీలీటర్లకు అంతే నార్మల్ సెలైన్ కలిపితే 1 శాతం మందు 20 మిల్లీలీటర్లు అవుతుంది. అంటే 200 మిల్లీగ్రాములు. ఎడ్రినలిన్ కలవని లిగ్నోకైన్ కిలో బరువుకు 4.5 మిల్లీగ్రాములు దాటకూడదు. 45 కిలోల మనిషికి ఆ హద్దు 202 దగ్గర ఆగిపోతుంది. అందుకే సూదికి ముందు బరువు చూడాలి, 45 లోపు ఉంటే మందు తగ్గించాలి. బరువు అడగకుండానే సిరంజి నింపుతుంటే మీరే చెప్పేయండి. పంటి దగ్గర మత్తు సూదికి ఎప్పుడైనా ఒళ్లు తేడా చేసి ఉంటే అదీ చెప్పాలి.

సన్నటి, పొడవాటి సూది. గడియారం ముఖంలా ఊహించుకుంటే, ముందు 12 దగ్గర, అంటే వల్సెల్లం పట్టబోయే చోట, ఒకటి రెండు మిల్లీలీటర్లు. ఆ చోటు మొద్దుబారాకే పట్టు వేయాలి. మిగిలింది సగం సగం చేసి మూతీ యోని గోడా కలిసే అంచులో 4 దగ్గర, 8 దగ్గర. ప్రతిసారీ సిరంజి ప్లంజర్ కొద్దిగా వెనక్కి లాగి రక్తం రావడం లేదని చూసుకుని, మెల్లగా ఎక్కించాలి. గబుక్కున నెట్టేస్తే మందే మండుతుంది. కొందరు డాక్టర్లు ఆ మంట తగ్గడానికి కాస్త సోడా బైకార్బ్ కలుపుతారు. పొడిచే క్షణంలో గట్టిగా దగ్గమంటారు. అది ఉత్తుత్తి చిట్కా కాదు, దగ్గులో పోటు నిజంగానే కాస్త తక్కువగా తెలుస్తుంది.

తర్వాతి మూడు నుంచి ఐదు నిమిషాలే అసలు మందు. ఊరికే ఆగాలి. బయట ఓపీలో జనం ఉంటారు కాబట్టి ఎక్కువగా చెడేది ఇక్కడే: సూది తీసిన మరుక్షణం కడ్డీ దూరుస్తారు. అప్పుడు పొడిచిన నొప్పి దక్కుతుంది, మొద్దుబారడం దక్కదు. ఇంకో తప్పు, మందును చర్మం కిందే పైపైన వదిలేయడం. కొంత లోతుకు వెళ్తేనే లోపలి మూతి దాకా పని జరుగుతుంది.

ఆగిన తర్వాత తెలిసిన తేడా ఇది: వల్సెల్లం పట్టినప్పుడు ఏదో లాగుతున్నట్టు మాత్రమే. కడ్డీ లోపలి మూతి దాటుతున్నప్పుడు బరువు తెలిసింది, కోత తెలియలేదు. మొదటిసారి చెమటలు పట్టి, చెవులు మూసుకుపోయి, ఇక చాలనిపించింది సరిగ్గా ఈ చోటే. పైకప్పును తాకినప్పుడు మాత్రం పట్టేసింది. నాలుగైదు ఊపిరుల పాటు. కాదనను.

సూది తర్వాత చెవుల్లో హోరు, నోట్లో ఇనుము చప్పరించినట్టు రుచి, పెదాల చుట్టూ తిమ్మిరి, గుండె దడ ఏది అనిపించినా వెంటనే చెప్పాలి. మందు రక్తంలోకి ఎక్కువగా చేరుతున్న గుర్తులవి. అందుకే ఆక్సిజన్, ఐవీ సదుపాయం లేని గదిలో బ్లాక్ అడగవద్దు. అక్కడ 10 శాతం లిగ్నోకైన్ స్ప్రే మేలు. ఒక్కో చిమ్ముకు 10 మిల్లీగ్రాములు, మూడు నాలుగు చిమ్ములు మూతి మీద కొట్టి, మూడు నిమిషాలు ఆగితే వల్సెల్లం నొప్పి తగ్గుతుంది. 2 శాతం జెల్లీ రాసి "మత్తిచ్చాం" అనిపించుకునే పద్ధతిని నేను లెక్కలోకి తీసుకోను.

మాత్రల గురించి ఆశలు తగ్గించుకోవడం మంచిది. గంట ముందు తిండి తిన్నాక ఐబుప్రొఫెన్ 400 గానీ, మెఫెనమిక్ యాసిడ్ ఉన్న మాత్ర గానీ వేసుకుంటే ఇంటికెళ్లాక వచ్చే పట్టుడు తగ్గుతుంది, పెట్టే క్షణంలోని నొప్పి పెద్దగా తగ్గదు. నాప్రాక్సెన్ కాస్త నయమని కొన్ని అధ్యయనాల్లో తేలింది. అల్సర్, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, ఇలాంటి మాత్రలకు ఆయాసం వచ్చేవాళ్లు వీటి జోలికి పోవద్దు. మూతి మెత్తబడుతుందని మిసోప్రొస్టాల్ మాత్ర ఇచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. వణుకు, వాంతి, ముందుగానే కడుపు పట్టేయడం, ఇవన్నీ దాని వెంట వస్తాయి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2024 మార్గదర్శకాలు దాన్ని అందరికీ మామూలుగా ఇవ్వడం వద్దన్నాయి, ఇటీవల ఒకసారి పెట్టబోయి కుదరనివాళ్లకు పనికిరావచ్చన్నాయి. లిగ్నోకైన్ నొప్పి తగ్గించవచ్చని అవే మార్గదర్శకాలు చెప్పాయి. అక్కడి ప్రసూతి వైద్యుల సంఘం 2025లో ఇంకాస్త ముందుకెళ్లి, నొప్పి తగ్గించే మార్గాలను రోగి ముందు పెట్టాల్సిందేనంది. మన ఓపీల దాకా ఆ మాట రావడానికి ఎంతకాలం పడుతుందో మరి.

భయం విషయానికొస్తే, "రిలాక్స్ అవ్వమ్మా" అన్న మాటతో ఎవరూ రిలాక్స్ అవ్వరు. పనికొచ్చేది ముందస్తు ఒప్పందం. బల్ల ఎక్కకముందే, బట్టలతో కూర్చుని ఉండగానే, "నేను ఆపండి అంటే ఆపుతారా మేడం?" అని అడిగి అవుననిపించుకోండి. ఆపడానికి సరైన చోటు కూడా ఒకటుంది. కాపర్-టి చేతులు మడిచి గొట్టంలో ఎక్కించాక ఐదు నిమిషాలకు మించి ఉంచకూడదు, ఉంచితే లోపల సరిగా విచ్చుకోవు. అందుకే ముందు కడ్డీతో కొలిచి, ఆ తర్వాతే ప్యాకెట్‌లో 'టి'ని ఎక్కించడం పద్ధతి. కొలత అయ్యాక, ఎక్కించకముందు ఊపిరి పీల్చుకోవడానికి ఎంతసేపైనా అడగొచ్చు, సామాను పాడవదు. ప్రతి అడుగూ చెప్తూ చేయమనాలా, చెప్పకుండా చేయమనాలా అన్నది మీ ఇష్టం. కొందరికి "ఇప్పుడు కడ్డీ" అన్న మాటే ఒళ్లు బిగిసేలా చేస్తుంది. సర్కారు ఆసుపత్రిలో భర్తను లోపలికి రానివ్వరు కాబట్టి తల దగ్గర ఆయమ్మనో సిస్టర్‌నో నిలబడమనండి. చేయి పట్టుకుని ఏదో ఒకటి మాట్లాడే మనిషి ఉంటే సగం ధైర్యం. ముందు మూత్రానికి వెళ్లి రావాలి, పిరుదులు బల్ల అంచుదాకా జరపాలి, ఊపిరి లోపలికి లాగడం కన్నా నెమ్మదిగా వదలడం మీద ధ్యాస పెట్టాలి. ఆల్ప్రాజోలం లాంటివి భయాన్ని కాస్త తగ్గిస్తాయేమో గానీ నొప్పిని కాదు. డాక్టర్ రాసిస్తేనే, తోడు ఉంటేనే.

కళ్లు తిరగడం వేరే సంగతి, దాన్ని బ్లాక్ పూర్తిగా ఆపలేదు. మూతిని కదిలించినప్పుడు నాడి నెమ్మదించి బీపీ పడిపోతుంది. ఆవులింతలు, చల్లటి చెమట, కడుపులో తిప్పడం ముందు గుర్తులు. తల కిందికి, కాళ్లు పైకి పెట్టి పడుకోబెడితే చాలామందికి నిమిషాల్లో సర్దుకుంటుంది. ఖాళీ కడుపుతో వెళ్తే ఇది ఎక్కువ. ఉపవాసం ఉండాలేమోనని పస్తుండి వచ్చేవాళ్లను చూస్తే జాలేస్తుంది. ఇడ్లీయో అన్నమో తినే వెళ్లండి. అయ్యాక పది పదిహేను నిమిషాలు లేవొద్దు, స్కూటీ మీరు నడపొద్దు.

ఇప్పుడు, పైన "తేడా అంతా మందులో ఉంది" అన్న మాటను కొంచెం వెనక్కి తీసుకోవాలి. రెండోసారికి ఆ దారిలో ఒకసారి 'టి' వెళ్లి, అప్పుడే బయటికి వచ్చి ఉంది. డాక్టర్ చెయ్యి నిదానం. ఏం జరగబోతోందో తెలుసు కాబట్టి భయం తక్కువ, ముందునుంచీ భయపడినవాళ్లకు నొప్పి ఎక్కువ తెలుస్తుందన్నది అధ్యయనాల్లో కూడా కనిపించే విషయమే. ఇవన్నీ తీసేస్తే లిగ్నోకైన్‌కు దక్కే మార్కులు ఎన్నో విడదీసి చెప్పలేను. పైగా ఆ మూడు పోట్లూ పోట్లే. మామూలు కాన్పులు అయి, మూతి వదులుగా ఉన్నవాళ్లకు సూదుల బాధ కన్నా అసలు పని బాధే తక్కువ కావచ్చు. కాన్పు గదిలోనే, మాయ పడ్డాక పది నిమిషాల్లోనో, 48 గంటల లోపో వేయించుకునేవాళ్లకు ఈ గొడవే లేదు. కాకపోతే అలా వేసినవి జారిపోయే అవకాశం ఎక్కువ.

కాపర్-టి మీద పొగడ్తకూ ఒక షరతు ఉంది. మొదటి మూడు నుంచి ఆరు నెలలు రక్తస్రావం, నొప్పి పెరుగుతాయి. ట్రానెక్సామిక్ యాసిడ్, మెఫెనమిక్ కలిసిన మాత్ర డాక్టర్ రాస్తే ఆ రోజులు గడుస్తాయి. ముందే హిమోగ్లోబిన్ తక్కువున్నవాళ్లు డాక్టర్‌తో మాట్లాడాకే దీన్ని ఎంచుకోవాలి. ఇలాంటిదే హార్మోన్ ఉన్న పరికరమైతే రక్తం తగ్గుతుంది, కానీ దాని ధర వేలల్లో. జ్వరం, దుర్వాసనతో తెల్లబట్ట, రోజురోజుకూ పెరిగే నొప్పి, దారాలు చేతికి తగలకపోవడం, వీటిలో ఏది ఉన్నా తర్వాతి నెలసరి దాకా ఆగకుండా చూపించుకోవాలి. తీయించుకోవడం మాత్రం మామూలుగా ఒక దగ్గు పని. దానికి ఏ సూదీ అక్కర్లేదు.

ఫోన్ చేసి కనుక్కునేటప్పుడు "బ్లాక్ ఇస్తారా" అని ఒక్కటే అడిగితే చాలదు, "ఇచ్చాక ఎంతసేపు ఆగుతారు" అని కూడా అడగండి. జవాబు తడబడితే ఇంకో చోటు చూసుకోండి. నలభై దాటాక వేసిన కాపర్-టిని నెలసరి పూర్తిగా ఆగేదాకా ఉంచుకోవచ్చని బ్రిటన్ మార్గదర్శకాలు అంటున్నాయి కాబట్టి నాకు మూడోసారి అవసరం రాకపోవచ్చు. ఇరవైల్లో, పిల్లలు లేకుండా, యాభై కిలోలైనా లేకుండా మొదటిసారి వెళ్తున్న అమ్మాయికి నా రెండో అనుభవం అచ్చంగా అలాగే ఉంటుందని మాత్రం చెప్పలేను.