ఆకాశంలో ఇంకో బ్యారేజీ: 50 ఎంఎం లెన్స్‌తో ఆరేళ్ల రాత్రులు

2019 దసరాకి కొన్నాను ఈ లెన్స్. 50 ఎంఎం, ఎఫ్ 1.8. కెమెరా కొన్నవాళ్లు చాలామంది ముందు కొనుక్కునే చవక రకమే. పగటి ఫొటోల గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు, పెట్టిన డబ్బుకి మించే పని చేస్తుంది. నేను ఎక్కువగా తీసేది రాత్రిపూట, అదీ కృష్ణ ఒడ్డున. కాబట్టి దీపాల ముందు దీని సంగతే చెబుతాను.

కొన్న వారంలోనే కంగారు పెట్టింది. సీతానగరం వైపు ఘాట్‌లో ట్రైపాడ్ వేసి, ప్రకాశం బ్యారేజీ దీపాల వరస ఫ్రేములో కిందికి వచ్చేలా పెట్టి, పది సెకన్ల ఎక్స్‌పోజర్ ఇచ్చాను. ఇంటికొచ్చి కంప్యూటర్లో చూస్తే ఆకాశంలో తలకిందులుగా ఇంకో బ్యారేజీ వేలాడుతోంది! లేత ఆకుపచ్చ చుక్కలు, కొలిచి పెట్టినట్టు ఒకే వరసలో. 70 గేట్లది ఒకటి చాలదన్నట్టు.

లెన్స్ లోపమే అనుకుని షాపుకి తీసుకెళ్లాను. కౌంటర్లో ఉన్నాయన చూసి, "చవక లెన్స్ కదండీ, రాత్రిళ్లు అంతే" అంటూ ఖరీదైనది ఇంకోటి బయటికి తీశాడు. డబ్బుల్లేక కొనలేదు గానీ, రెండు నెలలు నేనూ ఆ మాటే నమ్మాను. తీరా చూస్తే అసలు దొంగ, అదే షాపులో "సేఫ్టీకి ఉంటుందండీ" అని 350 రూపాయలకి అంటగట్టిన యూవీ ఫిల్టర్, అంటే లెన్స్ ముందు బిగించే గాజు బిళ్ల. ఓ రాత్రి దాని మీద వేలిముద్ర పడితే తుడుద్దామని విప్పి, మళ్లీ బిగించకుండానే ఒక ఫొటో తీశాను. ఆకాశం శుభ్రంగా వచ్చింది.

జరిగేది ఇదీ. దీపం వెలుగు లెన్స్ గుండా వెళ్లి, కెమెరా లోపల బొమ్మని పట్టే సెన్సర్ మీద పడుతుంది. సెన్సర్ పైభాగం నిగనిగలాడుతూ ఉంటుంది కాబట్టి కొంత వెలుగుని వెనక్కి కొడుతుంది. అది లెన్స్‌లోంచే బయటికి వస్తూ, ముందున్న బల్లపరుపు ఫిల్టర్ గాజుకి తగిలి మళ్లీ లోపలికి పోతుంది. పూత లేని గాజు ఒక్కో ముఖం దగ్గర 4 శాతం దాకా వెలుగుని తిప్పికొడుతుంది. పగలు ఆ కాస్త వెలుగు ఎటు పోయిందో కూడా తెలియదు. రాత్రి నల్లటి ఆకాశం మీద దాక్కోవడానికి చోటుండదు.

దీన్ని పట్టుకోవడం తేలిక. ఫ్రేము నడిమధ్యకి ఇటు దీపం ఎంత దూరంలో ఉందో, అటు చుక్క సరిగ్గా అంతే దూరంలో ఉంటుంది. లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక తెర మీద చూస్తూ కెమెరాని కొంచెం కుడికి తిప్పండి. దీపాలు ఎడమకి జరుగుతాయి, ఈ చుక్కలు మాత్రం కుడికి పరిగెడతాయి. అలా ఎదురు నడిచిందంటే అది ఫిల్టర్ పనేనని ముందు అనుమానించండి. తర్వాత మల్టీ కోటెడ్ ఫిల్టర్, అంటే వెలుగు తిరిగి కొట్టకుండా పూతలు వేసినది, కూడా కొని చూశాను. చుక్కలు పలచబడ్డాయి గానీ, లారీ హెడ్‌లైట్ ఎదురైతే మళ్లీ ప్రత్యక్షం. ఇప్పుడు చీకటి పడితే ఏ ఫిల్టరూ పెట్టను.

మరి గాజుకి రక్షణ? ఆ పని హుడ్, అంటే లెన్స్ ముందు గొడుగులా తగిలించే తొడుగు, చూసుకుంటోంది. దీనికి పెట్టెలో రాదు, విడిగా కొన్నాను. ఫ్రేములో ఉన్న దీపాన్ని హుడ్ ఏమీ చేయలేదు, ఆ ఆశ పెట్టుకోకండి. కానీ ఘాట్‌లో పక్కనున్న స్తంభం లైటు ఏటవాలుగా లెన్స్ మీద పడి, నలుపంతా బూడిద రంగులోకి మారిపోతుంటుంది చూశారూ, దాన్ని బాగా ఆపుతుంది. అదీ చాలకపోతే ఆ వైపు అరచెయ్యి అడ్డం పెడతాను. చెయ్యి ఫొటోలో పడకుండా చూసుకోవాలి, నావి అలా చాలా పోయాయి. రెండేళ్ల కిందట కెమెరా మెట్ల మీద పడితే హుడ్ పగిలింది, ముందు గాజుకి గీత కూడా పడలేదు.

లెన్స్‌కి సొంత లోపాలు లేవని కాదు. వెలుగొచ్చే రంధ్రాన్ని పూర్తిగా తెరిచి 1.8 దగ్గర పెడితే ప్రతి దీపం చుట్టూ మసక వెలుగు కమ్ముకుంటుంది. రంధ్రాన్ని ఎఫ్ 11కి తగ్గిస్తే (అంకె పెరిగే కొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) ఒక్కో దీపానికి 14 కిరణాలు మొలుస్తాయి. ఆ రంధ్రాన్ని మూసే బ్లేడ్లు ఏడు కదా, బేసి సంఖ్య అయితే రెట్టింపు వస్తాయి. ఒంటి దీపానికి అది అందమే. బ్యారేజీ లాంటి వరసకి మాత్రం ముళ్ల కంచె వేసినట్టుంటుంది. అందుకే 4కీ 5.6కీ మధ్యే తిరుగుతాను. ఫోకస్ మోటార్ కూడా ఈ మధ్య గరగరమంటోంది, చీకట్లో చేత్తోనే ఫోకస్ చేసుకుంటున్నాను.

ఇంకోటి, ఏసీ కారులోంచి దిగి వెంటనే తీస్తే బెజవాడ ఉక్కకి గాజు మీద ఆవిరి పడుతుంది. ఒకసారి దాన్నీ ఫ్లేర్ (దీపాల వల్ల ఫొటోలో వచ్చే ఇలాంటి దొంగ వెలుగు) అనుకుని లెన్స్‌ని తిట్టుకున్నాను. ఇప్పుడు బ్యాగు మూసే ఉంచి, టీ తాగి వచ్చాక తెరుస్తాను.

మొన్న కార్తీక పౌర్ణమికి మా వదిన ఫోన్ చూపించి, "దీపాల మీద ఈ పచ్చ చుక్కలేంటయ్యా, ఫోన్ పాడైందా?" అంది. ఫోన్‌కి విడిగా ఫిల్టర్ లేకపోయినా ఉన్న గాజులే ఈ పని చేస్తాయి. "ముందు చీర కొంగుతో లెన్స్ తుడువు వదినా, తర్వాత దీపాన్ని సరిగ్గా మధ్యలో పెట్టి తియ్యి" అన్నాను. మధ్యలో ఉంటే చుక్క వచ్చి ఆ దీపం మీదే పడుతుంది, కనపడదు. అయిదారు తీసి, ఒకటి స్టేటస్‌లో పెట్టింది. తీసింది ఎవరని అడిగినవాళ్లకి నా పేరు చెప్పలేదనుకోండి.

ఆ 350 రూపాయల ఫిల్టర్‌ని పారేయలేదు. విశాఖ బీచ్‌కి వెళ్తే ఉప్పు తుంపర్లు పడకుండా పెడతాను. పొద్దు గుంకగానే విప్పి చొక్కా జేబులో వేసుకుంటాను.